వాటాలు అమ్మండి, పెత్తనం అమ్మకండి

మంత్రిగారూ,

మీ ప్రభుత్వ ఫ్యాక్టరీలు నష్టాల్లో ఉన్నాయనీ, వాటికి అప్పులిచ్చి ఇచ్చి బ్యాంకులూ కుదేలయ్యాయనీ, ఖజానాలో మిగిలింది జీతాలకే చాలడం లేదనీ విన్నాను. జనం దగ్గర మాత్రం డబ్బుంది. పన్ను వేస్తే తిడతారు. అప్పు తీసుకుంటే వడ్డీతో సహా తిరిగివ్వాలి. అందుకని మీ సోషలిస్టు దేశంలో స్టాక్ మార్కెట్ తెరుద్దామన్న ఆలోచనలో ఉన్నారట. దివ్యమైన ఆలోచన. వాటా అమ్మగా వచ్చిన సొమ్ము ఎన్నటికీ తిరిగివ్వక్కర్లేదు. లాభమొస్తే డివిడెండు ఇద్దామా వద్దా అని ఒక సమావేశం పెట్టుకోవచ్చు. లాభం రాకపోతే ఆ సమావేశం కూడా అక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. వాటా కొన్నవాడు తానూ యజమానినేనని అనుకుంటాడు. అతను అలా అనుకోవాలి, లేకపోతే కొనడు. అది నిజం మాత్రం కాకూడదు, నిజమైతే ఫ్యాక్టరీ మీ చేతిలో ఉండదు. ఈ రెండూ పొసగేలా చూడటమే విద్య. ఈ కింది సలహాలేవీ నా బుర్రలో పుట్టినవి కావు. చైనా ఇవన్నీ చేసి చూసింది. చేశాక వాటిని విప్పుకోవడానికి దానికి ఇరవై ఏళ్ళ పైన పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. ఆ బాధ మీ తర్వాత వచ్చే మంత్రులది.

చట్టం ఆఖర్న రావాలి

కొందరు ప్రొఫెసర్లు మీ దగ్గరికి వచ్చి, ముందు కంపెనీల చట్టం, ఆ తర్వాత నియంత్రణ సంస్థ, ఆ తర్వాతే ఎక్స్ఛేంజీ అని చెబుతారు. వాళ్ళకు టీ ఇచ్చి పంపించండి. చైనా సరిగ్గా తలకిందులుగా చేసింది. 1984లో షాంఘైలో ఫెయ్‌లో అకూస్టిక్స్ అనే కంపెనీ ఒక్కొక్కటి 50 యువాన్ల చొప్పున 10,000 షేర్లు అమ్మింది. 1990 డిసెంబరు 19న షాంఘై ఎక్స్ఛేంజీ ఒక పాత హోటల్లో గంట కొట్టి తెరుచుకుంది. అప్పుడు దాని దగ్గర ఉన్నవి ఎనిమిది కంపెనీల షేర్లు. అదే నెలలో షెన్‌జెన్‌లోనూ లావాదేవీలు మొదలయ్యాయి. నియంత్రణ సంస్థ, అంటే అక్కడి సెబీ, 1992 అక్టోబరులో గానీ పుట్టలేదు. కంపెనీల చట్టం 1993 డిసెంబరులో ఆమోదం పొంది 1994 జూలై 1న అమల్లోకి వచ్చింది. సెక్యూరిటీల చట్టం అమలు 1999 జూలై 1న. అంటే ఎనిమిదేళ్ళకు పైగా జనం సెక్యూరిటీల చట్టం లేకుండానే సెక్యూరిటీలు కొన్నారు, అమ్మారు, మునిగారు, కొందరు తేలారు కూడా.

ఈ వరసలో గొప్ప సౌకర్యం ఉంది. చట్టం రాసే నాటికి మార్కెట్లో ఎవరికేం దక్కాలో తేలిపోయి ఉంటుంది. అప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టుగా చట్టంలోకి ఎక్కించుకుంటే సరిపోతుంది. 1992 మొదట్లో దక్షిణాది పర్యటనలో డెంగ్ జియావోపింగ్ కూడా చెప్పింది ఇదే: షేర్ మార్కెట్ పెట్టుబడిదారీ సమాజానికే పరిమితమా కాదా అని వాదించుకుంటూ కూర్చోవడమెందుకు, నడిపి చూద్దాం, బాగోలేకపోతే మూసేద్దాం. మూసేసే తాళంచెవి చేతిలో ఉన్నవాడికి చట్టంతో తొందరేముంది?

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. 1986 నవంబరులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ అధిపతి జాన్ ఫెలన్ బీజింగ్ వచ్చినప్పుడు డెంగ్ ఆయనకు ఫెయ్‌లో షేరు ఒకటి కానుకగా ఇచ్చారు. అతిథి మర్యాదకు అదొక జ్ఞాపిక. ఫెలన్ మాత్రం కాగితం తిప్పి చూశారు. దాని మీద ఒక చైనా బ్యాంకు అధికారి పేరుంది. ఆయన షాంఘై వెళ్ళి, షేర్లు మారకం చేసే చిన్న గదిలో నిలబడి, షేరును తన పేరు మీదికి మార్పించుకున్నారు. వాటా అంటే కాగితం కాదు, పుస్తకంలో పేరు, ఆ పేరుకు దఖలుపడే హక్కులు అని ఆయనకు తెలుసు. ఇలాంటి వాళ్ళను మీ దేశంలోకి రానివ్వకండి. వచ్చినా మీ జనంతో మాట్లాడనివ్వకండి.

దరఖాస్తు ఫారాలు చాలీచాలకుండా అచ్చు వేయించండి

గిరాకీ ఉందని లోకానికి తెలియాలంటే క్యూ కావాలి. 1992 ఆగస్టులో షెన్‌జెన్‌లో కొత్త షేర్ల లాటరీ కోసం 50 లక్షల ఫారాలు అమ్మకానికి పెట్టారు. ఫారం వెల 100 యువాన్లు. గుర్తింపు కార్డు ఉంటేనే ఫారం, ఒక మనిషి పది కార్డుల దాకా తేవచ్చు. దేశం నలుమూలల నుంచీ జనం రైళ్ళెక్కి వచ్చారు. ఆడా మగా ఒకరి నడుం ఒకరు పట్టుకుని రెండు మూడు రోజులు వానలో ఎండలో నిలబడ్డారు. తీరా కిటికీ తెరిచాక చూస్తే ఫారాలు చూస్తుండగానే అయిపోయాయి. లోపలి వాళ్ళే కట్టలు కట్టలుగా పక్కకు తీసుకున్నారని తర్వాత విచారణలో తేలింది. ఆగస్టు 10న జనం వీధుల్లోకి వచ్చారు, బాష్పవాయువు ప్రయోగించారు, మర్నాడు మరో 5 లక్షల ఫారాలు అచ్చేశామని ప్రకటించారు. రెండు నెలల తర్వాత నియంత్రణ సంస్థ పుట్టింది.

దీని నుంచి కొందరు, జనం న్యాయమైన వరస కోరుతున్నారనే పాఠం తీస్తారు. మీరు వేరే పాఠం తీయండి. తిరగబడ్డ జనం అడిగింది మార్కెట్ మూసెయ్యమని కాదు, ఇంకో ఫారం ఇమ్మని. ఇలాంటి ప్రజలు దొరకడం ఏ మంత్రికైనా అదృష్టం.

ఏ కంపెనీ మార్కెట్‌కు రావాలో కలెక్టరు చెప్పాలి

మంచి కంపెనీ ఏదో మదుపరులు తేలుస్తారన్న మాట పుస్తకాలకే పరిమితం. చైనా 1993 నుంచి 2000 దాకా కోటా పద్ధతి నడిపింది. ఏడాదికి ఇన్ని కోట్ల యువాన్ల షేర్లు అని కేంద్రంలో ఒక అంకె వేస్తారు. 1993లో ఆ అంకె 500 కోట్లు, 1997 నాటికి 3,000 కోట్లు. దాన్ని రాష్ట్రాలకూ మంత్రిత్వశాఖలకూ పంచుతారు. గోధుమలు, ఉక్కు ఎలా పంచేవారో వాటాలూ అలాగే పంచారు. పాత ప్రణాళికా సంఘం గుమాస్తాలకు కొత్త ఉద్యోగం నేర్పించే ఖర్చు తప్పింది.

రాష్ట్రానికి కోటా దక్కాక, అక్కడి నాయకులు ఎవరిని ఎంపిక చేస్తారు? బాగా నడిచే కంపెనీకి డబ్బు అవసరం లేదు. మునుగుతున్న దానికి అవసరం. అందుకని మునుగుతున్న దాన్నే ఎంపిక చేసి, చట్టం అడిగిన మూడేళ్ళ వరస లాభాలు చూపించాలి. చెంగ్డూలో టీవీ పిక్చర్ ట్యూబులు చేసే హాంగ్‌గ్వాంగ్ 1997లో షేర్లు అమ్మింది. అంతకు ముందు ఏడాది దానికి 10 కోట్ల యువాన్లకు పైగా నష్టం. ప్రాస్పెక్టస్‌లో 5 కోట్లకు పైగా లాభం. ఎంత ప్రతిభావంతుడైన అకౌంటెంటు ఉండాలి! ఇలాంటివాళ్ళు మీ ఆర్థిక శాఖలోనూ ఉంటారు, వెతకండి.

లాభాలు చూపించడానికి ఇంకో సక్రమమైన మార్గం ఉంది. ఫ్యాక్టరీని రెండుగా కొయ్యండి. నిగనిగలాడే ఒక వర్క్‌షాపును కొత్త కంపెనీ చేసి మార్కెట్‌కు పంపండి. రిటైరైన కార్మికుల పింఛన్లు, ఆసుపత్రి, బడి, పాత అప్పులు, తుప్పు పట్టిన యంత్రాలు మాతృసంస్థలో ఉంచండి. పిల్ల సంస్థ జనం దగ్గర డబ్బు తెస్తుంది, మాతృసంస్థ ఆ డబ్బు చేబదులు తీసుకుంటుంది. మందుల కంపెనీ సాన్‌జియు విషయంలో 2001లో బయటపడ్డ లెక్క ప్రకారం మాతృసంస్థ వాడుకున్న సొమ్ము 250 కోట్ల యువాన్లు దాటింది. లిస్టయిన కంపెనీ మొత్తం నికర ఆస్తుల్లో అది 96 శాతం. మిగతా 4 శాతం ఎందుకు వదిలారో నాకు అర్థం కాదు.

మూడింట రెండు వంతులు అమ్మకానికి కాదు

మొత్తం సలహాల్లో గుండెకాయ ఇది. కాస్త నెమ్మదిగా చదవండి.

కంపెనీ షేర్లను రెండు రకాలు చేయండి. ఒక రకం మార్కెట్లో తిరుగుతుంది, జనం కొనుక్కుంటారు. రెండో రకం ప్రభుత్వానిది, ప్రభుత్వ సంస్థలది. అది మార్కెట్లోకి రాదు. చైనాలో 2005 దాకా షేర్లలో సుమారు మూడింట రెండు వంతులు ఈ కదలని రకమే. సిద్ధాంతపరంగా ఇది చాలా అందమైన ఏర్పాటు. ప్రజల ఆస్తి అమ్మేశారని ఎవరూ అనలేరు. అమ్మలేదు మరి. పెట్టుబడిదారీ మార్కెట్ తెచ్చారని ఎవరూ అనలేరు. మార్కెట్ మూడింట ఒక వంతే మరి.

దీని అసలు అందం కూడికల్లో ఉంది. ప్రభుత్వం తన ఫ్యాక్టరీని షేరుకు ఒక యువాన్ చొప్పున లెక్కగట్టి 70 లక్షల షేర్లు తీసుకుందనుకోండి. జనానికి 30 లక్షల షేర్లు 6 యువాన్ల చొప్పున అమ్మారు. ఇప్పుడు కంపెనీలో 70 లక్షలూ, 180 లక్షలూ కలిపి 250 లక్షల యువాన్లు. షేర్లు 100 లక్షలు. ఒక్కో షేరు వెనక ఆస్తి రెండున్నర యువాన్లు. ఒకటి పెట్టినవాడికి రెండున్నర అయింది. ఆరు పెట్టినవాడికీ రెండున్నరే అయింది. ఇందులో దొంగతనం లేదు, తప్పుడు లెక్క లేదు, ఒక్క కార్మికుడు ఒక్క గంట ఎక్కువ పని చెయ్యలేదు. ఏడాది తర్వాత ఇంకో విడత షేర్లు అమ్మండి, మళ్ళీ పెరుగుతుంది. లాభం సంపాదించడం కంటే షేర్లు అమ్మడం తేలికని మీ ఫ్యాక్టరీ డైరెక్టర్లకు రెండో విడతలోనే తెలిసిపోతుంది.

ఇందులో ఇంకో సుఖం ఉంది. పెద్ద వాటాదారు షేర్లు మార్కెట్లో అమ్మలేడు కాబట్టి మార్కెట్ ధరతో అతనికి పనిలేదు. ధర పడినా అతని ఆస్తి పుస్తకాల్లో అంతే. కంపెనీ బాగుపడితే ధర పెరుగుతుంది, కానీ ఆ పెరిగింది తన జేబులోకి రాదు. మరి కంపెనీని బాగు చేయడం దేనికి? పెద్ద వాటాదారునీ చిన్న వాటాదారునీ ఒకే పడవలో కూర్చోబెట్టాలన్నదే కంపెనీ చట్టాల మొత్తం తాపత్రయం. వాళ్ళను వేరు వేరు ఒడ్డుల మీద నిలబెట్టేయండి. ఆ తర్వాత చట్టంలో డైరెక్టర్ల బాధ్యతల గురించి ఎంత గొప్పగా రాసుకున్నా ప్రమాదం లేదు.

ఈ ముడి విప్పబోకండి. 2001 జూన్‌లో చైనా విప్పబోయింది. ప్రభుత్వ వాటాల్లో కొంత, పింఛను నిధి కోసం మార్కెట్ ధరకే అమ్ముతామన్నారు. తాము ఆరు పెట్టి కొన్నదాన్ని ఒకటికి తెచ్చుకున్నవాడు తమ ధరకే అమ్మబోతున్నాడని జనానికి అర్థమైంది. 2,245 దగ్గర ఉన్న షాంఘై సూచీ జారడం మొదలుపెట్టింది. అక్టోబరులో పథకాన్ని నిలిపేశారు, మరుసటి ఏడాది ఎత్తేశారు. అయినా జారుడు ఆగలేదు. 2005 జూన్ 6న సూచీ 1,000 కిందికి దిగింది.

అప్పుడు వాళ్ళు చేసిన పని మీకు చెప్పాలంటేనే భయంగా ఉంది. మార్కెట్లో తిరిగే షేర్లున్న వాళ్ళను విడిగా ఓటెయ్యమన్నారు. ప్రభుత్వ షేర్లకు తిరిగే హక్కు కావాలంటే, చిన్న మదుపరుల ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలన్నారు. అందుకు పరిహారంగా పది షేర్లున్న వాడికి సగటున మూడు షేర్ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. తొలి విడత నాలుగు కంపెనీల్లో సింఘువా టోంగ్‌ఫాంగ్ ప్రతిపాదనను చిన్న వాటాదార్లు ఓడించేశారు కూడా. ఊహించండి: ఒక పంతులమ్మ, ఒక టాక్సీ డ్రైవరు, ఒక రిటైర్డు గుమాస్తా కలిసి ప్రభుత్వ సంస్థకు వద్దని చెప్పారు, ఆ మాట చెల్లింది. ఆ సంస్కరణ తర్వాత రెండేళ్ళకు సూచీ 6,124కు ఎక్కిందని ఎవరైనా అంటే, ఇంకో ఏడాదికి 1,664కు పడిందని గుర్తు చేయండి. మధ్యలో జరిగిన ఓటింగు సంగతి ఎత్తకండి.

బోర్డులు ఎన్ని ఉంటే అంత మంచిది

పాత ఫ్యాక్టరీలో మూడు సభలుండేవి: పార్టీ కమిటీ, కార్మికుల ప్రతినిధుల సభ, యూనియన్. 1993 చట్టం కొత్తగా మూడు తెచ్చింది: వాటాదారుల సభ, డైరెక్టర్ల బోర్డు, పర్యవేక్షక మండలి. పాతవి తీసెయ్యలేదు. మొత్తం ఆరు. చాలా చోట్ల ఒకే నలుగురు ఆరింటిలోనూ ఉండేవారు, కుర్చీలు మార్చుకుని కూర్చునేవారు. విదేశీ పరిశీలకులకు జర్మన్ తరహా రెండంచెల బోర్డు చూపించండి, వాళ్ళు సంతోషంగా రాసుకు వెళతారు. పర్యవేక్షక మండలిలో యూనియన్ నాయకుణ్ణి పెట్టండి. అతను పగలంతా మేనేజరు కింద పని చేసి సాయంత్రం మేనేజర్ని పర్యవేక్షిస్తాడు.

ఈ బోర్డుల పైన నిర్ణయం ఎక్కడ జరగాలో మాత్రం స్పష్టత ఉంచుకోండి. 2004 నవంబరులో చైనా మొబైల్, చైనా టెలికాం, చైనా యూనికామ్ అధిపతులను ఒక్క వేటుతో ఒకరి కుర్చీలోకి ఒకరిని మార్చారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీ పడే కంపెనీలు, మూడూ న్యూయార్క్‌లోనూ హాంకాంగ్‌లోనూ లిస్టయినవి. నిన్నటి దాకా ప్రత్యర్థి కంపెనీ రహస్యాలన్నీ తెలిసిన మనిషి పొద్దున్నకల్లా ఈ కంపెనీ అధిపతి. బోర్డులు ఆ తర్వాత తీరిగ్గా తీర్మానాలు చేసుకున్నాయి. వాల్ స్ట్రీట్ పెద్దమనుషులు కొంచెం ముఖం చిట్లించి, మళ్ళీ షేర్లు కొన్నారు.

స్వతంత్ర డైరెక్టర్లు కావాలని ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోండి. 2001లో చైనా నియంత్రణ సంస్థ 2003 జూన్ ఆఖరికల్లా ప్రతి లిస్టెడ్ కంపెనీ బోర్డులో మూడో వంతు వాళ్ళే ఉండాలంది. రిటైరైన ప్రొఫెసర్లను వెయ్యండి, ఏడాదికి నాలుగు సార్లు మంచి భోజనం పెట్టండి. అక్కడ వాళ్ళను పూలకుండీ డైరెక్టర్లనేవారు. ఇరవై ఏళ్ళు ఆ కుండీలు కిటికీ పక్కన హాయిగా ఉన్నాయి. 2021 నవంబరులో గ్వాంగ్‌జౌ కోర్టు మొత్తం చెడగొట్టింది. కాంగ్‌మెయ్ ఫార్మా దొంగ లెక్కల కేసులో 52,037 మంది మదుపరులకు 245.9 కోట్ల యువాన్లు కట్టాలని తీర్పిస్తూ, స్వతంత్ర డైరెక్టర్లు ఐదుగురికి ఆ మొత్తంలో 5 నుంచి 10 శాతం దాకా బాధ్యత అంటగట్టింది. ఏడాదికి లక్ష యువాన్ల చుట్టుపక్కల గౌరవ వేతనం తీసుకున్న పెద్దమనిషికి పన్నెండు కోట్ల పైన బాకీ. ఆ వారం దేశమంతా స్వతంత్ర డైరెక్టర్ల రాజీనామా ఉత్తరాలే. వాళ్ళంతా అంతవరకూ ఏం చదవకుండా సంతకం పెట్టేవారో, ఆ వారం మొదటిసారి చదివి ఉంటారు.

అబద్ధం చెబితే జరిమానా ఉండాలి, కానీ అబద్ధం కంటే చవగ్గా ఉండాలి

కాంగ్‌మెయ్ మూలికల మందుల కంపెనీ. 2019 ఏప్రిల్‌లో, 2017 లెక్కల్లో నగదు 2,990 కోట్ల యువాన్లు ఎక్కువ పడిందని ప్రకటించింది. అది మోసం కాదట, అకౌంటింగు పొరపాటట. మన హైదరాబాదులో 2009 జనవరిలో సత్యం రామలింగరాజు గారు 5,040 కోట్ల రూపాయల లేని నగదు గురించి ఉత్తరం రాసినప్పుడు కనీసం పొరపాటు అనలేదు. ఆ వినయం తెలుగువాళ్ళకే చెల్లింది. కాంగ్‌మెయ్‌కు నియంత్రణ సంస్థ వేసిన జరిమానా 6 లక్షల యువాన్లు. చట్టంలో గరిష్ఠం అంతే మరి. 1998లో రాసుకున్న ఆ గరిష్ఠాన్ని మార్చిన చట్టం అమల్లోకి వచ్చింది 2020 మార్చిలో. ఇన్నేళ్ళపాటు ఒక అంకెను కదలకుండా కాపాడుకోవడం సామాన్యమా?

అబద్ధం ఆడేటప్పుడు ప్రకృతి సాయం తీసుకోండి. దాలియన్ దగ్గర జాంగ్‌జీదావ్ అనే కంపెనీ సముద్రపు అడుగున స్కాలప్ అనే ఆల్చిప్పలు పెంచుతుంది. 2014లో చల్లని నీటి ప్రవాహం వచ్చి ఆల్చిప్పలు పోయాయని చెప్పింది. 2018లో మేత దొరక్క మాడి చచ్చాయని చెప్పింది. ఏ ఆడిటరు సముద్రంలోకి దిగి లెక్కపెడతాడు? సలహా అద్భుతంగా పనిచేసేదే. అధికారులు మాత్రం ఉపగ్రహాల సాయంతో ఆ కంపెనీ పడవలు ఎక్కడెక్కడ తిరిగాయో తీసి, పట్టిన చోట పట్టలేదనీ, పట్టని చోట పట్టామనీ రాసుకున్నారని 2020లో తేల్చారు. కాబట్టి మీ దేశానికి సొంత నావిగేషన్ ఉపగ్రహాలుంటే ఆల్చిప్పల కంపెనీలను లిస్టు చెయ్యకండి.

పత్రికలతో కూడా జాగ్రత్త. యిన్‌గ్వాంగ్‌షియా అనే కంపెనీ జర్మనీకి ఎగుమతులు చేస్తున్నానని రెండేళ్ళలో 70 కోట్ల యువాన్లకు పైగా దొంగ లాభాలు చూపింది, షేరు ఆకాశానికెక్కింది. ‘త్సాయ్‌జింగ్’ అనే పత్రిక 2001 ఆగస్టులో దాని గుట్టు విప్పింది. వాళ్ళేం గూఢచర్యం చెయ్యలేదు. అసలా ఎగుమతులు జరిగాయా అని కస్టమ్స్ వాళ్ళను అడిగారు. ఆడిటర్లకు తట్టని ప్రశ్న. ఆ ఏడాదే వూ జింగ్లియన్ అనే ముసలి ఆర్థికవేత్త, చైనా షేర్ మార్కెట్ జూదశాల కంటే అధ్వాన్నమనీ, జూదశాలలోనైనా పక్కవాడి పేకలు చూడకూడదన్న నియమం ఉంటుందనీ అన్నాడు. దేశంలో ఇలాంటి ముసలివాళ్ళుంటే సలహా సంఘాల్లో వేసి పెట్టుకోండి. తీసేస్తే ఇంకా గట్టిగా మాట్లాడతారు.

కోర్టు తలుపు దగ్గర ఒక స్టూలు వేయించండి

డైరెక్టర్లు కంపెనీకి నష్టం చేస్తే పరిహారం చెల్లించాలని 1993 చట్టంలో ఉంది. ఎవరికి? కంపెనీకి. దావా ఎవరు వెయ్యాలి? కంపెనీ. కంపెనీ తరఫున నిర్ణయించేదెవరు? డైరెక్టర్లు. కంపెనీ తరఫున వాటాదారు దావా వేసుకునే దారి 2005 సవరణ దాకా చట్టంలో రాలేదు. పన్నెండేళ్ళు ఈ వలయం చెక్కుచెదరకుండా తిరిగింది.

హాంగ్‌గ్వాంగ్ బాధితురాలొకామె షాంఘైలో దావా వేస్తే, ఆమె నష్టానికీ కంపెనీ అబద్ధానికీ తప్పనిసరి సంబంధం లేదని కోర్టు కొట్టేసింది. యిన్‌గ్వాంగ్‌షియా బాధితులు గుంపుగా కోర్టుకెక్కబోతే, 2001 సెప్టెంబరు 21న సుప్రీం పీపుల్స్ కోర్టు ఇలాంటి కేసులు ప్రస్తుతానికి తీసుకోవద్దని కింది కోర్టులకు నోటీసిచ్చింది. నాలుగు నెలలకు తీసుకోవచ్చంది. ఒకటే షరతు: ముందు నియంత్రణ సంస్థ ఆ కంపెనీని శిక్షించి ఉండాలి. అంటే మోసపోయానని మీ పౌరుడు చెబితే చాలదు, మోసపోయాడని మీ శాఖ చెప్పాలి. ఈ షరతు పూర్తిగా పోయింది 2022లో. నన్నడిగితే ఇరవై ఏళ్ళ స్టూలు అది. మీరు కొంచెం గట్టి చెక్కతో చేయించుకోండి.

సూచీ పత్రికలో రాసినట్టు నడవాలి

మార్కెట్ వేడెక్కితే సంపాదకీయం, చల్లబడితే సంపాదకీయం. 1996 డిసెంబరులో పీపుల్స్ డైలీ మార్కెట్ మరీ పెరిగిపోయిందని రాస్తే కుప్పకూలింది. 1999 జూన్‌లో పెరగడం సహజమేనని రాస్తే లేచింది. 2007 మే 30న, ఆలోచనే లేదని అంతకు ముందు చెప్పి, అర్ధరాత్రి స్టాంపు సుంకాన్ని మూడు రెట్లు చేశారు. తెల్లారి సూచీ 6 శాతానికి పైగా పడింది. 2015 ఏప్రిల్‌లో పీపుల్స్ డైలీ వెబ్‌సైటు, 4,000 పాయింట్లు పెరుగుదలకు ఆరంభం మాత్రమేనని భరోసా ఇచ్చింది. జనం అప్పులు చేసి మరీ కొన్నారు. జూన్ 12న 5,178 దాకా వెళ్ళి, నాలుగు వారాల్లో మూడో వంతు ఊడింది. అప్పుడు 21 బ్రోకరేజీ సంస్థల చేత సూచీ 4,500 దాటేదాకా అమ్మబోమని మాట ఇప్పించారు. 5 శాతానికి మించి వాటా ఉన్నవాళ్ళు ఆరు నెలలు అమ్మకూడదన్నారు. దాదాపు సగం కంపెనీలు తమ షేర్ల లావాదేవీలు తామే ఆపించుకున్నాయి. అమ్మేవాళ్ళు లేని మార్కెట్ పడదన్నది గట్టి సూత్రం. ఎవరూ కొనరు కూడా, అది వేరే సంగతి.

2016 జనవరి 4న సర్క్యూట్ బ్రేకర్ పెట్టారు. 7 శాతం పడితే ఆ రోజుకు మూత. మూత పడేలోగా బయటపడాలని అందరూ ఒక్కసారే అమ్మారు. జనవరి 7న అరగంట కాకుండానే దుకాణం కట్టేశారు. మర్నాటి నుంచి బ్రేకరే లేదు.

ఒక చిన్న వాణిజ్య చిట్కా: చైనా బోర్డు మీద ఎరుపు అంటే పెరిగిందని, ఆకుపచ్చ అంటే పడిందని. విదేశీ విలేకరులు ఆకుపచ్చ తెర ఫొటో వేసి ‘చైనాలో సంబరాలు’ అని రాస్తే ఖండించకండి.

ఇన్ని దెబ్బలు తిన్నా చిన్న మదుపరి మళ్ళీ వస్తాడా అని మీకు సందేహం రావచ్చు. చైనాలో వాళ్ళు తమను తామే వెల్లుల్లి కాడలని పిలుచుకుంటారు. కోసిన కొద్దీ మొలుస్తాయట.

చచ్చినదాన్ని పాతిపెట్టకండి

మూడేళ్ళు వరసగా నష్టం వస్తే కంపెనీ మార్కెట్లోంచి పోవాలని చట్టంలో రాయండి. రెండేళ్ళు నష్టం చూపించి, మూడో ఏడు స్థానిక ప్రభుత్వం ఇచ్చే చిన్న సబ్సిడీతో చిటికెడు లాభం చూపిస్తారు. మళ్ళీ రెండేళ్ళు. మార్కెట్ తెరిచిన పదేళ్ళ దాకా, 2001 ఏప్రిల్‌లో షాంఘై వాషింగ్ మెషీన్ల కంపెనీ షూయ్‌షియన్‌ను తీసేసేదాకా, చైనా ఒక్క కంపెనీనీ నష్టాల పేరుతో బలవంతంగా సాగనంపలేదు. లిస్టింగు దొరకడం అంత కష్టం కాబట్టి, లోపల ఏమీ లేని గుల్లకు కూడా వెల ఉంటుంది. వ్యాపారం లేదు, యంత్రాల్లేవు, తలుపు మీద కోడ్ నంబరుంది, అది చాలు. మార్కెట్లో హుషారుగా పెరిగేవి తరచూ ఇవే.

ఇక ఇప్పుడు వాళ్ళు చేస్తున్న పనులు చూసి కంగారు పడొద్దు. 2019లో షాంఘై స్టార్ మార్కెట్‌తో మొదలుపెట్టి 2023 నాటికి మొత్తం మార్కెట్లో, ఏ కంపెనీ లిస్టవ్వాలో అధికారులు అనుమతించే పద్ధతి పోయి, కంపెనీలు వివరాలు వెల్లడించి నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది. పర్యవేక్షక మండలి ఉండాలన్న నిర్బంధం కొత్త కంపెనీల చట్టంలో సడలింది. పార్టీ సంస్థకు చోటు మాత్రం అందులో పదిలంగా ఉంది, అదే చదువుకోండి. ఇంకో నిబంధన మీకు పనికొస్తుంది. 2014 నుంచి ఎవరైనా ఎంత మూలధనమైనా కాగితం మీద రాసుకుని, ఎప్పుడు కడతారో వాళ్ళే చెప్పుకునే వీలుండేది. కోటీశ్వరుల కంపెనీలు వీధికొకటి పుట్టాయి. 2024 జూలై 1 నుంచి ఆ డబ్బు ఐదేళ్ళలో కట్టాలి. పాత లిమిటెడ్ కంపెనీలకు మాత్రం గడువు సర్దుకోవడానికి 2027 జూన్ 30 దాకా, డబ్బు కట్టడానికి ఆపైన ఐదేళ్ళు సమయం ఇచ్చారు. మీరూ అలాగే రాయించండి. 2032 నాటికి ఈ కుర్చీలో ఎవరుంటారో ఎవరికి తెలుసు? ఫైలు ఇటివ్వండి, ముసాయిదా నేను చూస్తాను, సంతకం మీరు పెట్టండి.